నలుగురి ఇల్లు, నెలకి 342 యూనిట్లు: శ్రీకాకుళంలో ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

మీరు అడిగింది ఇదీ. శ్రీకాకుళం టౌన్‌లో అద్దె వాటా, ఇంట్లో నలుగురు. మే నెలలో 342 యూనిట్లు కాలాయి, బిల్లు 2,250 దాటింది. గ్యాస్ బండ 38 రోజులకే ఖాళీ. కిరాణా ఎంత చూసుకున్నా పదివేలు. లైట్లు ఆర్పుతున్నారు, టీవీ తగ్గించారు, అయినా తేడా కనబడట్లేదు. ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

ముందు కరెంటు మీద. అందులోనూ 225 దాటిన యూనిట్ల మీద. తరవాత గ్యాస్ మీద స్నానాల నీళ్ళు కాచడం, ఆ తరవాత నూనె, బియ్యం కొనే పద్ధతి. మీ లెక్క చూస్తే వేసవి నెలల్లో ఒక్క కరెంటు మీదే వెయ్యి రూపాయల వరకు తగ్గుతుంది. లైట్లు ఆర్పడం మంచి అలవాటే, కానీ మీ ఇంట్లో డబ్బు పోతున్నది లైట్ల దగ్గర కాదు.

మనకి కరెంటు ఇచ్చే కంపెనీ ఈపీడీసీఎల్ ఇళ్ళకి వేసే రేట్లు 2022 ఏప్రిల్‌లో మారాయి. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4.50. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8.75. ఆ పైన 9.75. ఏ మెట్టులో పడిన యూనిట్లకి ఆ మెట్టు రేటే. అంటే మొదటి 225 యూనిట్లకి మీరు కట్టింది 1,017 రూపాయలు. మిగిలిన 117 యూనిట్లకే 1,024 రూపాయలు. మూడోవంతు కరెంటుకి సగం డబ్బు. దీని మీద ఫిక్సెడ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కి 6 పైసల డ్యూటీ, ఎప్పటికప్పుడు మారే సర్దుబాటు ఛార్జీలు కలుస్తాయి.

ఇందులో ఉన్న కిటుకు ఏమిటంటే, మీరు తగ్గించే ప్రతి యూనిట్ పై మెట్టు నుంచే తగ్గుతుంది. మేలో ఒక యూనిట్ ఆపితే మిగిలేది 8.75. డిసెంబరులో మీ ఇల్లు 110 యూనిట్ల దగ్గర ఉంటే అదే యూనిట్‌కి మిగిలేది 4.50. అందుకే కష్టపడాల్సిన నెలలు మార్చి నుంచి జూన్. చలికాలంలో ఇంట్లోవాళ్ళని విసిగించడం వల్ల పెద్దగా వచ్చేది లేదు.

మీరు రాసిన సామాను, వాడే గంటలు బట్టి ఆ 342 ఇలా పోతున్నట్టు లెక్క తేలుతోంది: ఏసీ రోజుకి ఆరు గంటలు, 160 పైచిలుకు. రోజుకి 15 గంటలు తిరిగే పాత ఫ్యాన్లు రెండూ కలిసి 67. పన్నెండేళ్ళ ఫ్రిజ్ 45. నీళ్ళ మోటారు 22. టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై కలిపి 20. ఇన్వర్టర్ 12. లైట్లు, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ కలిపి 14. ఇది అంచనాయే. అసలు లెక్క మీ మీటరే చెప్తుంది, పైసా ఖర్చు లేకుండా.

మీటరు మీద ఎర్రలైటు చూడండి. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద 3200 ఐఎంపీ అనో, 1600 ఐఎంపీ అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కాలడానికి ఆ ఎర్రలైటు అన్నిసార్లు మిణుకుమంటుందని అర్థం. 3200 మీటరైతే నిమిషానికి ఒక మిణుకు అంటే సుమారు 19 వాట్లు. 1600 అయితే ఒక మిణుకు 37 వాట్ల పైచిలుకు. ఇక ఫోన్‌లో ఒక నిమిషం టైమరు పెట్టుకుని లెక్కపెట్టడమే.

ముందు ఇంట్లో అన్నీ కట్టెయ్యండి. ఫ్రిజ్ ప్లగ్గు తీసెయ్యండి, ఇన్వర్టర్‌కి వెళ్ళే స్విచ్చి కూడా ఆపండి. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఇన్వర్టర్ ఛార్జింగ్ ఆన్‌లోనే ఉంచేసి లీకేజీ ఉందని బెంబేలు పడతారు. అన్నీ ఆపాక రెండు నిమిషాలు ఎర్రలైటు అసలు మిణుకుమనకూడదు. మిణుకుమంటే మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకీ ఉండే స్విచ్చిలు, అదే ఎంసీబీలు, ఒక్కోటీ కిందకి దించండి. ఏది దించినప్పుడు ఆగిందో ఆ లైన్లోనే ఉంది తేడా. ఎక్కువగా బయటపడేవి బోరు మోటారు కేబుల్ జాయింటు, బాత్రూం గీజరు ఎలిమెంటు. అది డబ్బుతో పోయే విషయం కాదు, ప్రాణం మీదకి వస్తుంది. అలాంటిది కనబడితే ఆ లైను వాడకం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. ఆ ఖర్చులో పొదుపు చూడొద్దు.

అన్నీ ఆపినప్పుడు మిణుకులు లేకపోతే ఒక్కో వస్తువే వేసి లెక్కపెట్టండి. 3200 మీటరు మీద పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో నిమిషానికి నాలుగు మిణుకులు. కంప్రెసర్ తిరుగుతున్న పాత ఫ్రిజ్ ఎనిమిది. ఒక కిలోవాట్ లాగే మోటారు 53. ఇన్వర్టర్ బ్యాటరీ నిండాక ఒకటి, మహా అయితే రెండు.

అద్దె వాటాల్లో ఇంకొకటి చూడాలి. మీటరు మీద ఈఎల్ అని ఇంకో చిన్న లైటు ఉంటుంది. అది వెలుగుతూ ఉంటే ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావట్లేదని అర్థం. పక్కవాటా న్యూట్రల్, మీ న్యూట్రల్ ఎక్కడో స్విచ్‌బోర్డులో కలిసిపోయి ఉండొచ్చు. ఇప్పటి మీటర్లు ఫేజు, న్యూట్రల్ రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కగడతాయి. అంటే పక్కవాళ్ళ మోటారు భారం మీ బిల్లులో పడొచ్చు. మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు. మీటరు తరవాత ఉన్న వైరింగ్‌లో రెండు న్యూట్రళ్ళు విడదీయించాలి, అది ఇంటి ఎలక్ట్రీషియన్ పని. మీటరే తప్పు చూపిస్తోందనిపిస్తే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఇప్పుడు ఒక్కోటీ.

ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30. రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్‌కి నెలకి 20 యూనిట్లు తేడా. మీ రెండిటికీ కలిపి 40, మేలో అది 350 రూపాయలు. ఫ్యాన్ ధర మూడు వేలు అనుకుంటే, చలికాలం తక్కువ వాడకం కూడా కలుపుకుని రెండున్నర మూడేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది. అద్దె ఇల్లు అయినా పరవాలేదు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని తీసుకుపోవచ్చు. పాత ఫ్యాన్ పారెయ్యకుండా అటక మీద పెట్టండి, వెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళకి బిగించి ఇవ్వాలి.

ఎక్కువమంది తప్పు చేసేది రెండు చోట్ల. హాల్లో అందంగా ఉంటుందని అక్కడ ముందు పెడతారు. ఎక్కువ గంటలు తిరిగేది పడకగదిలో, దాన్ని ముందు మార్చాలి. రెండోది, పాత రెగ్యులేటర్‌తోనే వాడతారు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి స్పీడు రిమోట్‌తోనే. గోడ మీద రెగ్యులేటర్ లైన్లోంచి తీయించి నేరుగా కలపాలి, లేకపోతే లోపలి బోర్డు పోతుంది. కొనేటప్పుడు మన ఊళ్ళో సర్వీసు ఉన్న కంపెనీది, బోర్డుకి కూడా వారంటీ ఉన్నది చూసుకోండి. పిడుగులు పడే సాయంత్రాలు స్విచ్చి కట్టెయ్యడం మంచిది.

కొత్తది కొనే ఓపిక ఇప్పుడు లేకపోతే, నెమ్మదిగా తిరిగే పాత ఫ్యాన్‌కి ముందు కండెన్సర్ మార్పించి చూడండి. సీలింగ్ ఫ్యాన్‌కి సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది పడుతుంది, ఫ్యాన్ మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకోండి. అది బలహీనపడితే ఫ్యాన్ అయిదులో పెట్టినా గాలి రాదు, ఏసీ తొందరగా వెయ్యాల్సి వస్తుంది. పెట్టె లాంటి పెద్ద పాత రెగ్యులేటర్ ఉంటే అదీ తీసెయ్యండి. స్పీడు తగ్గించినా అది కరెంటు వేడిగా మార్చి పారేస్తుంది.

ఏసీ. 22లో పెట్టి దుప్పటి కప్పుకుంటున్నామని మీరే రాశారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ లెక్క. 26లో పెట్టి ఫ్యాన్ రెండులో తిప్పండి. నాలుగు డిగ్రీలకి నెలకి 38 యూనిట్లు. తెల్లారుజామున నాలుగింటికి ఆగిపోయేలా టైమరు పెడితే ఇంకో 20. మన దగ్గర వేసవిలో ఇబ్బంది ఎండ కన్నా ఉక్క. గదిలో తేమ పోతే 26 చాలు, ఒంటికి హాయిగానే ఉంటుంది. అందుకే మొదటి పావుగంట తలుపులు, కిటికీలు బిగించి తేమ లాగనివ్వండి. తడిబట్టలు ఆ గదిలో ఆరెయ్యొద్దు.

ఏసీ బదులు ఎయిర్ కూలర్ కొంటే చవక కదా అని చాలామంది అడుగుతారు. పొడి గాలి ఉన్న ఊళ్ళలో అది బ్రహ్మాండంగా పని చేస్తుంది. సముద్రం దగ్గర ఊళ్ళకి నేను చెప్పను. కూలర్ నీటి తేమ కలిపే యంత్రం, మనకి ఉన్న తేమే ఎక్కువ. తలుపులు వేసి వాడితే అర్ధగంటకి గది జిడ్డుగా తయారవుతుంది.

ఫిల్టర్ జల్లెడలు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఏటా గ్యాస్ నింపించుకోవద్దు. ఏసీలో గ్యాస్ వాడితే అరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు మూయకుండా నింపితే వచ్చే వేసవికి మళ్ళీ అదే ఖర్చు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు, పైపు జాయింట్లు తొందరగా తినేస్తాయి. అక్కడివాళ్ళు ఏడాదికి రెండుసార్లు మంచినీళ్ళతో బయటి యూనిట్ కడిగించాలి.

మేడ మీద ఆఖరి అంతస్తులో ఉంటే మార్చిలోనే డాబాకి తెల్ల కూల్‌రూఫ్ రంగు రెండు పూతలు వేయించమని ఇంటివాళ్ళని అడగండి. ఒప్పుకోకపోతే మీరే సున్నం కొట్టించుకోండి. వానలకి పోతుంది, కానీ ఆ నాలుగు నెలలు గది ఎంత చల్లబడుతుందో పడుకున్న మొదటి రాత్రే తెలుస్తుంది.

ఫ్రిజ్. తలుపు అంచులో కాగితం పెట్టి మూసి లాగండి. బిగుతుగా రావాలి. జారి వచ్చేస్తే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పోయినట్టు. నాలుగు వైపులా, ముఖ్యంగా కింది మూలల్లో చూడండి. ముందు వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో రబ్బరు తుడిచి, మెత్తబడ్డాక వేళ్ళతో సర్దండి. కొన్నిసార్లు దాంతోనే సరిపోతుంది. లేకపోతే రబ్బరు మార్పించండి, మీకు నెలకి పది యూనిట్లయినా కలిసొస్తాయి. గోడకి జానెడు దూరం ఉంచండి. ఫ్రీజర్‌లో మంచు వేలు మందం పేరుకోకముందే కరిగించండి, చాకుతో మాత్రం గీకొద్దు.

బిల్లు కోసం ఫ్రిజ్ మార్చాలా? వద్దు. కొత్త 190 లీటర్ల సింగిల్ డోర్ లేబుల్ మీద ఏడాదికి 150 నుంచి 200 యూనిట్లు రాసి ఉంటుంది, అంటే నెలకి 15 దాకా. మీకు 30 యూనిట్లు కలిసొచ్చినా ఆ ధర రాబట్టడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఇది మొరాయించినప్పుడు చూసుకోవచ్చు.

మోటారు. ఒక హెచ్‌పీ మోటారు గంటకి సుమారు ఒక యూనిట్ లాగుతుంది. ట్యాంకు నిండడానికి పాతికనిమిషాలు పట్టేది ఇప్పుడు నలభై నిమిషాలు పడుతోందంటే పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు కారుతోంది, లేదా మోటారు లోపల నీళ్ళు నెట్టే చక్రం, ఇంపెల్లరు, అరిగింది. వేసిన ప్రతిసారీ నీళ్ళు పోసి ఎక్కించాల్సి వస్తోందంటే ఫుట్‌వాల్వే. వోల్టేజి తక్కువున్న సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వేసుకోండి. ట్యాంకు నిండగానే కూతపెట్టే అలారం చవకగా దొరుకుతుంది. రోజుకి పావుగంట నీళ్ళు కాలవలో పోతే నెలకి ఏడెనిమిది యూనిట్లు.

ఇన్వర్టర్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చీకట్లు చూసినవాళ్ళని ఇన్వర్టర్ తీసెయ్యమని నేనెప్పుడూ చెప్పను. కానీ నాలుగయిదేళ్ళు దాటిన బ్యాటరీ ఉంటే మిణుకులు తప్పకుండా లెక్కపెట్టండి. కరెంటు పోకుండా పన్నెండు గంటలు గడిచాక కూడా నిమిషానికి అయిదారు మిణుకులు వస్తున్నాయంటే బ్యాటరీ నిండట్లేదు, ఊరికే మరుగుతోంది. నూరు వాట్లు రాత్రీపగలూ అంటే నెలకి 72 యూనిట్లు. ఈ ఒక్క జబ్బు పట్టుకోలేక ఏసీని ఆడిపోసుకునే ఇళ్ళు చాలా ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు నెలలకోసారి చూసుకోండి, కుళాయి నీళ్ళు పోస్తే ప్లేట్లు పాడవుతాయి.

సెట్‌టాప్ బాక్సు రాత్రి స్విచ్చి దగ్గరే కట్టెయ్యండి, నెలకి అయిదు యూనిట్లు. పాత చోక్ ట్యూబ్‌లైట్లు ఇంకా ఉంటే 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్లు పెట్టించండి. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే పవర్ సేవర్ డబ్బా కొనొద్దు. అందులో ఉండేది ఒక కెపాసిటర్, ఇంటి మీటరు లెక్కలో దానికి పని లేదు.

ఇవన్నీ కలిపితే ఫ్యాన్లకి 40, ఏసీకి 58, ఫ్రిజ్‌కి 10, మోటారుకి 8, సెట్‌టాప్‌కి 5. మొత్తం 121. మీరు 221 దగ్గరికి వస్తారు, 8.75 మెట్టు మొత్తం దాటేస్తారు.

మీకు విడి మీటరు ఉందా? మీ ప్రశ్నలో రాయలేదు. ఇంటివాళ్ళ మీటరు మీదే సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి తొమ్మిదో పదో తీసుకుంటుంటే పైన చెప్పిందంతా చేసినా సగం ఫలితమే. రెండు ఇళ్ళు చెరో 150 యూనిట్లు విడి మీటర్ల మీద వాడితే ఒక్కో ఇంటికి 567, రెండిటికీ 1,134. అదే ఒక్క మీటరు మీద 300 అయితే 1,673. నెలకి 539 రూపాయలు ఊరికే పోతున్నాయి. వేరే వంటిల్లు, వేరే గుమ్మం ఉన్న వాటాకి రెండో సర్వీసు పెట్టమని ఇంటివాళ్ళకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. దరఖాస్తు ఖర్చు మీరు భరిస్తామన్నా కొద్ది నెలల్లో తీరిపోతుంది.

సొంత డాబా ఉంటే సోలార్ గురించి వేరేగా రాసేవాడిని. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కి 30,000 చొప్పున రెండు కిలోవాట్లకి 60,000, మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది. మీ ఇంటివాళ్ళకి చెప్పి చూడండి. తుఫాను గాలులకి స్టాండు బిగింపు గట్టిగా ఉండాలి, ఇనుము గాల్వనైజ్ చేసినదే వాడాలి.

ఇక గ్యాస్. నలుగురి వంటకి బండ 45 రోజులు రావాలి. 38కే అయిపోతోందంటే మొదటి అనుమానం స్నానాల నీళ్ళ మీద. ఇరవై లీటర్ల బకెట్ నీళ్ళు గోరువెచ్చగా కావడానికి గ్యాస్ మీద సుమారు 60 గ్రాములు పోతుంది. రోజుకి నాలుగు బకెట్లంటే 240 గ్రాములు. ఒక బండ మొత్తం రెండు నెలల్లో స్నానాలకే సరి. అదే బకెట్ ఇమ్మర్షన్ రాడ్‌తో అర యూనిట్. బండ 900 అనుకుంటే గ్యాస్ బకెట్ దగ్గర దగ్గర నాలుగు రూపాయలు. చలికాలంలో 6 రూపాయల మెట్టులో ఉన్నా రాడ్ బకెట్ మూడు రూపాయలే. 1500 వాట్ల రాడ్‌కి ఇరవై నిమిషాలు చాలు, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మర్చిపోయి నలభై నిమిషాలు వదిలేస్తే లాభం పోయినట్టే. స్విచ్చి కట్టి, ప్లగ్గు తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో రాడ్ కన్నా చిన్న గీజరు మేలు, 45 డిగ్రీల దగ్గర పెట్టి స్నానానికి పదిహేను నిమిషాల ముందు వేసుకోండి.

వంట మొత్తం ఇండక్షన్‌కి మార్చాలా అంటే, ఒక బండ చేసే పనికి ఇండక్షన్‌కి సుమారు 130 యూనిట్లు కావాలి. మేలో అవి 8.75 మెట్టులో పడితే 1,140 రూపాయలు, గ్యాస్ కన్నా ఎక్కువ. డిసెంబరులో 4.50, 6 మెట్లలో పడితే 600 నుంచి 780. కాబట్టి వేసవిలో గ్యాస్, చలికాలంలో టీ, పాలు, నీళ్ళు ఇండక్షన్ మీద. ఏడాదంతా ఒకటే పద్ధతి పెట్టుకోవద్దు.

బండ దించినప్పుడు తూకం వేయించుకోండి. కడియం దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కలపాలి. 15.6 రాసి ఉంటే 29.8 కిలోలు తూగాలి. తూకం వెయ్యమని అడగడం మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు. పెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాయండి. మంట పసుపుపచ్చగా వస్తూ గిన్నెల అడుగు నల్లబడుతుంటే బర్నరు చిల్లులు పూడాయి. ఇత్తడి బర్నరు చింతపండు నీళ్ళలో రాత్రంతా ఉంచి, పొద్దున్న పిన్నుతో చిల్లులు పొడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. మంట గిన్నె అంచు దాటి పైకి ఎగబాకకూడదు. కందిపప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో పెట్టండి, మొదటి కూతకే సిమ్‌లోకి దించండి.

బియ్యం కార్డు ఉంటే దీపం-2 కింద ఏడాదికి మూడు బండల డబ్బు వస్తుంది, నాలుగు నెలలకి ఒకటి చొప్పున. 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో ఈ పథకం మొదలైంది. డబ్బు పడనివాళ్ళు ముందు రెండు చూడాలి: గ్యాస్ కనెక్షన్‌కి ఈకేవైసీ అయిందా, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకి కలిసి ఉంది. చాలాసార్లు డబ్బు పడే ఉంటుంది, వాడకుండా వదిలేసిన పాత ఖాతాలో.

కిరాణా. ఇక్కడ తిండి తగ్గించమని చెప్పను. ధర కన్నా తూకం చదవండి. నూనె ప్యాకెట్ అన్నీ లీటరే అనుకుంటాం. లీటరు నూనె అంటే 910 గ్రాములు. అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850 గ్రాములో, 750 గ్రాములో చిన్న అక్షరాల్లో ఉంటుంది. డబ్బా కొనేటప్పుడు మరీ జాగ్రత్త. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్లు పడుతుంది, 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే. రెండూ పక్కపక్కనే పెడితే తేడా కళ్ళకి ఆనదు. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు చాలు. ఒకే సీసాలోకి వారానికి సరిపడా వంచుకుని వాడితే ఎక్కడ ఎక్కువ పోతోందో తెలుస్తుంది. నేరుగా డబ్బాలోంచి మూకుట్లోకి వంచే ఇంట్లో లెక్క ఉండదు.

బియ్యం బస్తా 25 కిలోలా, 26 కిలోలా చూడండి. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది, అందుకే మిల్లులవాళ్ళు 26 కిలోల బస్తాలు తెచ్చారు. బస్తా ధరలు కాదు, కిలో ధర కట్టి పోల్చండి. పేరున్న బ్రాండు సంచి కన్నా మన దగ్గర పండే శ్రీకాకుళం సన్నాలు, అంటే రాగోలు పరిశోధన కేంద్రం వంగడం ఆర్‌జీఎల్ 2537, రోజూ తిండికి బాగుంటుంది. సంక్రాంతి నాటికి కొత్త బియ్యం చవగ్గా వస్తాయి, కానీ ముద్దవుతాయి, అన్నం ఒదగదు. నాలుగయిదు నెలలు మాగితే అదే బియ్యం గిన్నె నిండా వస్తుంది. అందుకని కొత్తవి కొని నిలవ పెట్టుకోవడం లాభమే, ఇంట్లో చెమ్మ లేకపోతే. నేల మీద కాకుండా చెక్క మీద పెట్టి, ఎండిన వేపాకు వేసి, డబ్బా మూత బిగించాలి. వానాకాలం గోడలు చెమ్మగిల్లే వాటా అయితే మూడు నెలలకి మించి నిలవ చెయ్యొద్దు, పురుగుకి పెట్టినట్టవుతుంది.

చింతపండు, పసుపు, ఎండుమిర్చి, కందిపప్పు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఏడాదికి సరిపడా తీసుకోండి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ చింతపండు సంతలకి దిగే కాలం అది. గింజ, ఈనెలు తీసి, ఎండలో పెట్టి, కొద్దిగా ఉప్పు చల్లి జాడీలో ఒత్తితే చెడదు. టమాటా ధర మండే వారాల్లో మామిడికాయ, గోంగూర, చింతచిగురు ఉండనే ఉన్నాయి. రైతుబజారులో ముందు ధరల బోర్డు చదివి లోపలికి వెళ్ళండి. పాయసానికి, కూరలకి పలాసలో ముక్క జీడిపప్పు తీసుకోండి, గుండు పప్పు ధర పెట్టనక్కర్లేదు, రుచి ఒకటే.

ఫోన్ రీఛార్జి 28 రోజులది వేస్తే ఏడాదికి పదమూడు సార్లు వెయ్యాలి. పన్నెండుతో కాదు, పదమూడుతో గుణించి ఏడాది ప్లానుతో పోల్చండి. ఇంట్లో వైఫై ఉన్న పెద్దవాళ్ళ ఫోన్లకి రోజుకి రెండు జీబీ ప్లాను దండగ.

మీ అత్తగారికి బీపీ, షుగరు మాత్రలు నెలనెలా కొంటున్నామన్నారు. చీటీ మీద మందు అసలు పేరు రాయమని డాక్టరుగారిని అడగండి, ఉదాహరణకి టెల్మిసార్టాన్ 40, మెట్‌ఫార్మిన్ 500 అని. అది పట్టుకుని జనఔషధి కేంద్రానికి వెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది. మోతాదు, పేరు పక్కన ఉన్న ఎస్‌ఆర్ లాంటి అక్షరాలు కూడా సరిగ్గా అదే ఉండాలి. మార్చేముందు ఒకసారి డాక్టరుకి చూపించండి.

తాగేనీళ్ళ మీద మాత్రం ఎవరూ పొదుపు చెయ్యొద్దు. ముఖ్యంగా కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో మీ చుట్టాలుంటే వాళ్ళకీ ఇదే చెప్పండి. శుద్ధి చేసిన నీటి డబ్బు నెల ఖర్చులో తప్పనిసరి ఖర్చు.

ఈ ఆదివారం మీటరు దగ్గర కుర్చీ వేసుకుని అయిదు అంకెలు రాసి పెట్టండి: అన్నీ ఆపినప్పుడు ఎన్ని మిణుకులు, ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు ఎన్ని, పడకగది ఫ్యాన్‌కి ఎన్ని, మోటారుకి ఎన్ని, పొద్దున్నే ఇన్వర్టర్ ఒక్కటే ఉంచితే ఎన్ని. మీటరు మీద 3200 ఉందో 1600 ఉందో, ఈఎల్ లైటు వెలుగుతోందో లేదో కూడా రాయండి. అవి చూసి ఏ వస్తువు ముందు బాగు చేయించాలో, దేన్ని అలా వదిలెయ్యొచ్చో చెప్తాను.